ముత్యం మూలకాడ ఆగిన ఇంజన్

ఖానాపూర్ నుంచి ఉట్నూర్ పొయ్యే ఘాట్ల ఒక వంపు ఉంటది. దాని పేరు ముత్యం మూల. పొద్దుగూకినంక ఆ తొవ్వల ఒక్కడే బండి కట్టుకొని ఎవ్వడు పోడు... పోవాల్సొస్తే ఇద్దరు ముగ్గురు కలిసి ముచ్చట పెట్టుకుంట పోతరు. ఎందుకంటే అక్కడ లారీ లేకుండనే లారీ సప్పుడు ఇనబడ్తదట. నేను ఇనలే, అబద్ధమెందుకు. ఇన్నోళ్లు చెప్తే ఇన్న.

పోలీస్ యాక్షన్ అయినంక ఆరేడేండ్ల ముచ్చట.

గుత్తదారు హనుమండ్లుకు ఒక కట్టె లారీ ఉండె. లడాయి జమానది. దాన్ని నడిపేటోడు ముత్యం. ఒకనాడు టేకు దుంగలతోని ఘాట్ ఎక్కుతుంటే, ఆ మూలకాడ లారీ ఎనుకకు జారి లోయల పడ్డది. ముత్యం సచ్చిండు. దుంగల మీద కూసున్న ఇద్దరు కూలీలు గూడ సచ్చిండ్రు. తాగి నడిపిండని చెప్పిండు హనుమండ్లు. ముత్యం అంగి నిండ గుడుంబ వాసన... అందరు నమ్మిండ్రు.

ముత్యం పెండ్లాం లింగవ్వ నమ్మలే. కొండగట్టు అంజన్న ముందట ఒట్టేసినకాంచి ఆయన సుక్క ముట్టలే. కని ఆమె మాట ఎవలింటరు? కూలీల ఇండ్లోళ్లు వచ్చి ఆమె వాకిట్ల దుమ్మెత్తి పోసి పొయ్యిండ్రు. మూడేండ్లు... ఆమె బాయికాడికి పోతే మిగిలిన ఆడోళ్లు బిందెలు పక్కకు జరుపుకునేటోళ్లు.

ఆమె తమ్ముడు సిద్దిరాములు. ఖానాపూర్ల మెకానిక్. ఆ చుట్టుపట్ల ఇంజన్ ఇప్పి బిగించేటోడు ఇంకోడు లేడు.

ఇగ సూడుండ్రి గుత్తదారు గుండె. మూడేండ్లకు ఆ సిద్దిరాములు దగ్గరికే వచ్చిండు. తన పాత పికప్పుకు దమ్ము సాల్తలేదట, ఘాట్ ఎక్కుతలేదట. లోయలకెళ్లి గుంజిన ముత్యం లారీ ఇంజన్ కొట్టంల పడున్నది, అది తెచ్చి దీనికి బిగించుమన్నడు.

"ఇంజన్ పెద్దగైతే బ్రేకులు గూడ మార్వాలె సేటూ," అన్నడు సిద్దిరాములు.

"బ్రేకులకేమైంది? ఇంజన్ పెట్టు, సాలు."

ఆ మాట ఇన్నంక సిద్దిరాములుకు ఒళ్లు మండింది. బావకు గూడ గిట్లనే చెప్పి ఉంటడు వీడు అనుకున్నడు.

పని షురువు చేసిండు. నాలుగు సిలిండర్ల జాగల ఆరు సిలిండర్లది ఊకెనే పడ్తదా? రేడియేటర్ ముందుకు జరిపిండు. ఇంజన్ కూసునే పట్టీలు కోసి కొత్తయి వెల్డింగ్ కొట్టిండు. పెట్రోల్ పైపు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది... దాన్ని వేడికి దూరంగ తిప్పాలె. తిప్పలే. కాలే పొగ గొట్టానికి ఆనిచ్చి బిగించిండు.

ఆయన ఉపాయం సీదానే. నాలుగు మైళ్లు ఘాట్ ఎక్కేసరికి పైపుల పెట్రోల్ మసిలి ఆవిరైతది, ఇంజన్ ఆగుతది. సల్లారితే మళ్లా నడుస్తది. ఆ నాలుగో మైలు ఏడ పడ్తదంటే — ముత్యం మూలకాడ.

రెండుసార్లు ఆడనే ఆగింది. రెండుసార్లు హనుమండ్లు భయానికి జ్వరంతోని పండుకున్నడు. మూడోసారి పోవాల్సొస్తే సిద్దిరాములును పక్కన కూసుండవెట్టుకున్నడు. సిద్దిరాములుకు గదే గావాలె. చీకట్ల, ఆ మూలకాడ, భయపెట్టి నిజం కక్కియ్యాలె. అంతకంటె ఇంకేం అనుకోలే.

చీకటి పడ్డది. బండి ఎక్కుతున్నది... ఎక్కుతున్నది... మూల కనబడ్డది. ఇంజన్ ఒకసారి దగ్గింది. మళ్లొకసారి దగ్గింది. ఆగింది.

సిద్దిరాములు నోరు తెర్వబోయిండు — బండి ఎనుకకు కదిలింది.

హనుమండ్లు బ్రేకు తొక్కిండు. కాలు అడుగుదాంక పోయింది. చేతి బ్రేకు గుంజిండు, అదీ వట్టిగనే వచ్చింది. గేరు పడలే.

"రాములూ... రాయి... చక్రం కింద రాయి పెట్టు..."

సిద్దిరాములు కిందికి దునికిండు. తలకాయంత రాయి ఎత్తుకొని ఎనుక చక్రం దగ్గర వంగిండు. రెండు బారల దూరంల లోయ. అప్పుడు ఆయన మనసుల ఏం పుట్టిందో ఏమో... పెట్టలే. పోనీ అనిపిచ్చింది. మా బావ పోయినట్టే వీడు గూడ పోనీ.

"మా బావ నీకేం చెప్పిండు?" చక్రంతోని పాటు నడుసుకుంట మెల్లగ అడిగిండు.

"బ్రేకు పడ్తలేదన్నడు... ఇంకొక్క లోడు తెమ్మన్న..."

"గుడుంబ?"

"నేనే... సచ్చినంక అంగి మీద పోసిన... పెట్టురా, నీ కాల్మొక్త..."

బండి ఆగింది.

చక్రానికీ లోయకూ జానెడు సందు. రాయి ఇంకా సిద్దిరాములు చేతులనే ఉన్నది.

జర సేపటికి ఇంజన్ నడిచింది. బ్రేకు గూడ పట్టింది. ఇద్దరు ఖానాపూర్‌కు మర్రొచ్చిండ్రు. ఆ నిజం ఊరి ముందట చెప్పకుంటె మళ్లొకసారి ఆ మూల దాటుడు తన తరం గాదని హనుమండ్లుకు అర్థమైంది. తెల్లారంగనే చెప్పులు లేకుండ లింగవ్వ వాకిట్లకు వచ్చిండు. ఆమె కూలీల ఇండ్లోళ్లను పిలిపిచ్చింది. అందరి ముందట చెప్పిండు.

"ఇంకోసారి చెప్పు," అన్నదామె. "గట్టిగ."

చెప్పిండు.

"ఇంకోసారి."

గొంతు పోయేదాంక చెప్పిచ్చింది. ఎవ్వరు ఆమెను ఆపలే.

అందరు పోయినంక సిద్దిరాములు పోయి ఆ పికప్పు చక్రాలిప్పి చూసి వచ్చిండు. అక్క పక్కన కూసున్నడు.

"అక్కా... పెట్రోల్ పైపు పని నాదే. కని బ్రేకులు నేను చెడగొట్టలే. మనిషి పాణం పోతదని, సేటుకు చెప్పకుండ నేనే కొత్త బ్రేకులు ఏసిన. ఇప్పుడు ఇప్పి చూస్తే... అన్ని మంచిగనే ఉన్నయి."

లింగవ్వ పొయ్యిలకు కట్టె ఎగదోసింది.

"నాకెర్కనే తమ్మీ," అన్నది. "మూడేండ్ల సంది రోజు చీకటి పడంగనే మీ బావ వచ్చి గా గడప మీద కూసుంటడు. నిన్నొక్కనాడే రాలే."