బోడకుంటలో ఉతుకుడు చప్పుడు

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట పోయే దారిలో, జావా కోచింగ్ బోర్డుల వెనకాల, బోడకుంట అని ఒక చిన్న కుంట ఉండేది. చీకటి పడితే అటు కుక్క కూడా పోయేది కాదు. ఎప్పుడో అందులో మునిగిపోయిన వజ్రమ్మ ఇంకా బట్టలు ఉతుకుతోందట... దబ్... దబ్ మని చప్పుడట. విన్నామన్నవాళ్లు ఒకరా ఇద్దరా! ఆ పక్క హాస్టల్ పిల్లలు పొద్దుగూకితే చాలు, కిటికీలు బిగించుకునేవాళ్లు.

పగలు మాత్రం ఆ కుంట దివ్యశ్రీ వాళ్ల ఎనిమిదో తరగతిది. సైన్సు చెప్పే చలపతిరావు సారు ప్రతి శనివారం పిల్లల్ని గట్టుకు తీసుకెళ్లేవాడు. సీసాలతో నీళ్లు ముంచాలి, నత్తల్ని లెక్కపెట్టాలి, తేలుతున్న కవర్లు ఏరాలి. నీళ్లలో తూనీగ పిల్లలు కనబడితే ఆ కుంట ప్రాణంతో ఉన్నట్టేనని ఆయనే నేర్పాడు. కుంటను పూడ్చనివ్వొద్దని పిల్లలంతా సంతకాలు పెట్టిన అర్జీని కూడా, మున్సిపల్ ఆఫీసులో ఇచ్చొస్తానని ఆయనే పట్టుకెళ్లాడు. దివ్యకు సారంటే దేవుడే. అంత సైన్సు చదివినాయన కూడా చీకటి పడ్డాక అటు పోవద్దని గట్టిగా చెప్పేసరికి, వజ్రమ్మ నిజమేననుకుంది పిచ్చిపిల్ల.

అయినా పోయింది. కుంటలోంచి పట్టిన తోకకప్పల సీసాను పిల్లలు వంతులవారీగా ఇంటికి తీసుకెళ్లి పెంచేవాళ్లు, ఆ ఆదివారం అది ఆమె ఇంట్లో ఉంది. అందులోవాటికి కాళ్లొచ్చాయి, చోటు చాలక రెండు అప్పటికే వెల్లకిలా తేలాయి. మిగతావి తెల్లారేదాకా ఆగేలా లేవు. నాయనమ్మ సత్తెమ్మ వద్దంటే వద్దంది. దివ్య సీసాను చున్నీ కింద దాచుకుని బయటపడింది.

ఏడు గంటలకు కరెంటు పోయింది. బోర్డులన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. తుమ్మచెట్ల మధ్య తడుముకుంటూ నడుస్తోంది...

దబ్.

టక్కున ఆగింది. మళ్లీ — దబ్. నీళ్ల దగ్గర తెల్లగా ఏదో వంగింది... లేచింది. దివ్య వెనక్కి పరుగెత్తేదే, కానీ చేతిలో సీసా ఉంది. ఆంజనేయస్వామిని తలుచుకుని ఇంకో నాలుగడుగులు వేసింది.

దెయ్యం కాదు. తెల్ల తలపాగాల కూలీలు. తట్టలతో మట్టి తెచ్చి కుంటలో గుమ్మరిస్తున్నారు. గట్టు మీద ఒకాయన టార్చి పట్టుకుని, ఇటు పొయ్యండి, ఇటు లోతెక్కువ... అని గుసగుసగా దారి చూపిస్తున్నాడు.

ఆ గొంతు ఆమెకు తెలుసు.

"సార్... మీరా?"

టార్చి వెలుగు ఆమె మొహం మీదికి తిరిగింది. తట్టలు ఆగిపోయాయి.

"మా అర్జీ ఇయ్యలేదా సార్?"

ఆయన టార్చి కిందికి దించాడు. దివ్యకు ఇంతకన్నా వజ్రమ్మే ఉండి ఉంటే బాగుండేదనిపించింది.

చలపతిరావు సారు వంగి, సీసా మీద వెలుగు వేసి, క్లాసులో చూసినంత శ్రద్ధగా చూశాడు.

"బాగా పెంచావమ్మా," అన్నాడు మెల్లగా. "తూర్పు మూలన ఇంకా నీళ్లున్నాయి, అక్కడ వదిలేయ్. మంగళవారం దాకా అటు మట్టి పోయించన్లే."