ఆఖరి పడవ వచ్చీదాకా

సముద్రం ఒడ్డు ఊరు మార్కండి, ఆ దారిలో మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ ఉంది సూడండి... సీకటి పడ్డాక ఆ దిక్కు కిరాయి వస్తే నేను ఆటో తిప్పను గాక తిప్పను. ఒడియావోళ్లు దాన్ని భూతొకోఠీ, అంటే దెయ్యాల కొంప అంటారు. కరెంటు తీసీసి ఎన్నేళ్లయిందో! అయినా రాత్రయితే లోపల ఇనుము మోగీది. ఠంగ్... ఠంగ్... పొద్దు పొడిస్తే ఆగిపోయీది.

అలాంటి సోటుకి కావాలని ఎల్లిన మనిషి శ్యామసుందర్ బాబు. బరంపురంలో పట్టుచీరల కొట్టు రామమూర్తిగారి కొడుకు. బుర్ర ఉన్నోడే, కానీ పాటల పిచ్చి. అవి మామూలు పాటలేటి? గిటారు కేకలు, వాటికింద మిల్లుల మోత, రేకుల మోత! ‘ఇండస్ట్రియల్ రాక్ జగ్గన్నా’ అని నా ఆటోలోనే ఎట్టి వినిపించీవోడు. నా సెవులు గింగుర్లెత్తిపోయేవి.

పెద్ద ఆల్బమ్మంట. ఒకే కథ, రెండు డిస్కుల నిండా. మొదటిదాన్లో ఫ్యాక్టరీ నడుస్తాది, రెండోదాన్లో మూతబడతాది. ఆఖరి పాట ఒక్కటే కుదర్లేదు. కూడా వాయించీ కుర్రోళ్లు ఉద్యోగాలకి ఎల్లిపోయినారు. ‘పెళ్లిళ్ల సీజను లోపల ముగించు, లేపోతే కొట్లో కూకో’ అని తండ్రి ఖరాఖండీగా సెప్పీసినాడు.

“ఆ ఫ్యాక్టరీ మోతే కావాలి జగ్గన్నా. అది దొరికితే పూర్తయిపోతుంది.”

“నీకేటైనా మతిపోయిందేటి బాబూ?” అన్నాను. వింటేనా! మంచు కమ్మీసిన రాత్రి గేటు కాడ దించీసి, ఎనక్కి సూడకుండా వచ్చీసినాను. లోపల జరిగింది ఆ బాబు నోట విన్నదే సెప్తున్నాను.

గేటు దాటగానే మోత మొదలైంది. ఠంగ్...

రికార్డరు నొక్కి, గోడ పట్టుకుని ఎల్లినాడంట. సెల్లు లైటు ఎయ్యడానికి ధైర్యం సాల్లేదు. ఐసు దిమ్మలేసీ గది దాటితే సముద్రం వేపు గోడ పడిపోయుంది. అక్కడ... తెల్లగా... ఏదో ఒంగుతోంది, లేస్తోంది.

మోత ఆగింది.

“లక్ష్ముడా...? వచ్చీసినావా నాయినా?”

ఆ తెల్లటిది దగ్గిరికొచ్చి సెయ్యి పట్టుకుంది. ఎచ్చగా ఉందంట ఆ సెయ్యి. అప్పుడు మొకం సూసినాడు — ముసిల్ది. బతికున్న మనిషి. మార్కండిలో ఉండీ నీలమ్మని తరవాత తెలిసింది.

ఏటంటే, మార్కండిలో పాత కట్టుబాటొకటుంది. మంచులో పడవలు దారి తప్పితే ఒడ్డున ఇనపపట్టా ఏలాడగట్టి కొడతారు. ఆఖరి పడవ వచ్చీదాకా ఆపకూడదు. ఆపితే అందరూ వచ్చీసినట్టే. ఓ మంచురాత్రి ఆవిడ కొడుకు లక్ష్ముడి పడవ తప్ప అన్నీ వచ్చినాయి. కొన్నాళ్లకి ఊరోళ్లు సేతులు దించీసినారు. నీలమ్మ దించలేదు, సముద్రం వేపు తెరుసుకున్న ఆ ఫ్యాక్టరీ గోడ కాడే పట్టా కట్టుకుని రాత్రుళ్లు కొడతానే ఉంది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. కన్నతల్లిని ఆపమని ఎవులు సెప్తారు? పైవోళ్లు దెయ్యమనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నారు.

“రెక్కలు లేవడం లేదు బాబూ...” అంది గుసగుసగా. “కూసింత కునుకు తీస్తాను. నువ్వు కొట్టు... ఆపకు.”

పట్టుచీరల షావుకారి కొడుకు తెల్లారేదాకా కొట్టినాడు. అరసేతులు బొబ్బలెక్కిపోయినాయి.

కోరుకున్న మోత దొరికింది. పాటకి ముగింపే దొరకలేదు. నా ఆటోలో కూకుని తల పట్టుకునీవోడు.

“ఎక్కడ ఆపినా ఆ తల్లికి అన్యాయం చేసినట్టుంది జగ్గన్నా. సీజను వచ్చేస్తోంది.”

నాకు జాలేసింది, వొళ్లు మండింది కూడా. “పాట సంగతి తరవాత, ముందు ఆ ముసిల్దాని రెక్కల సంగతి సూడరాదా!” అన్నాను.

ఆ మాట పట్టుకున్నాడు. ఆ మోతనే ఓ స్పీకర్లోకి ఎక్కించి, సోలారు పలక తగిలించి, పట్టా పక్కన ఎట్టినాడు. సీకటి పడితే దానంతటదే మోగతాది. నీలమ్మ సెవి ఒగ్గి విన్నది.

“ఇది మద్దెలో ఆగిపోదు గదా?”

“ఆగదమ్మా.”

ఆ రాత్రి నుంచి ఆవిడ ఇంటి కాడ పడుకుంది. అమ్మయ్య అనుకున్నాం.

మళ్లీ ఓ రాత్రి మంచు దిగింది. మార్కండిలో టీకొట్టు అప్పయ్య నాకు ఫోను సేసినాడు.

“మోత ఆగిపోయింది జగ్గా... బేగి రండి.”

ఆగిందని తెలిస్తే ముసిల్దాని పేణం నిలబడదు. బాబుని ఎక్కించుకుని తోలినాను. ఆ రాత్రి నేనూ లోపలికి ఎల్లినాను.

స్పీకరు సెడిపోలేదు. బ్యాటరీ నిండుగా ఉంది. ఎవులో మీట నొక్కి ఆపినారు. మీట మీద తడి... మంచు తడే అయ్యుంటాదని నాకు నేనే సెప్పుకున్నాను.

నీలమ్మ ఇంటికి పరిగెత్తినాం. దీపం ఎలుగుతోంది. ఆ ఏళప్పుడు పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. మమ్మల్ని సూసి ఆవిడ పెదాల మీద ఏలేసుకుంది.

“మెల్లిగా... లక్ష్ముడు ఇప్పుడే పడుకున్నాడు.”

నేను అడుగు ముందుకెయ్యలేదు. బాబు గుమ్మం దాకా ఎల్లి లోపలికి తొంగి సూసినాడు. తిరిగొచ్చి ఆటోలో కూకున్నాడు. ఏటి సూసినావు బాబూ అంటే... ఇంతవరకూ సెప్పలేదు.

కానీ ఆ పాట మాత్రం, మోత ఆపీసి, తెల్లారేసరికి ముగించీసినాడు.