ఆరు గంటల తట్లు

మదనపల్లెలో నేను పనిచేసిన ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టును నేనొక్కదాన్నే. అది 2003. మేడ మీద ఐసీయూ, నాలుగు మంచాలు, ఎప్పుడూ ఫినాయిల్ వాసన. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లు దగ్గలేరు. కళ్లె లోపలే నిలిచిపోయి నిమ్ము చేస్తుంది. అందుకే రోజుకు మూడు పూటలా వాళ్లను పక్కకు తిప్పి, అరచేయి దొప్పలా వంచి వీపు మీద తట్టాలి. టప్ టప్ టప్... కళ్లె కదిలాక నర్సు గొట్టంతో లాగేస్తుంది. చూసేవాళ్లకు కొడుతున్నట్టే ఉంటుంది గానీ, మనిషిని నిలబెట్టే పని అది.

మూడో మంచం మీద సదుం నుంచి వచ్చిన వెంకటమ్మ ఉండేది. చేర్పించిపోయినవాళ్లు మళ్లీ తొంగిచూడలేదు. గొంతులో గొట్టం, మాట లేదు. నేను తట్టడం ఆపగానే నా చేతి మీద మెత్తగా రెండుసార్లు తట్టేది, ఇక చాలు అన్నట్టు. ఆ ఊళ్లో నన్ను ప్రేమగా తాకింది ఆమె ఒక్కతే.

అద్దె గదిలో ఒంటరిగా ఆదివారం సాయంత్రం గడపడం నా వల్ల అయ్యేది కాదు. ఒక ఆదివారం, ఆరు గంటల పూట కూడా చేసేసినట్టు ముందుగానే చార్టులో రాసి, అయిదింటి బస్సుకు కుప్పంలో అమ్మ దగ్గరికి వెళ్లిపోయాను. బుధవారానికి వెంకటమ్మకు నిమ్ము చేసింది. శనివారం పోయింది. ఒక్క పూట తప్పినందుకే అని ఏ డాక్టరూ అనడు. నేను మాత్రం అలాగే అనుకుంటాను.

రెండు నెలలకు అదే మంచం మీదికి పెద్దమండ్యం నుంచి మునెయ్య వచ్చాడు. కట్లపాము కరిచింది. విషానికి ఒళ్లంతా చచ్చుబడి వెంటిలేటర్ మీద ఉన్నాడు, వేలు కూడా కదపలేడు. నిమ్ము చేస్తే బతకడని డాక్టరు ముందే చెప్పాడు. అతని భార్య సిద్దమ్మను లోపలికి రానిచ్చేవారు కాదు. తలుపు బయట బెంచీ మీదే ఆమె కాపురం.

"నువ్వు తట్టే శబ్దం ఇంటే చాలమ్మా," అంది ఒకసారి. "మా ఆయప్ప ఉండాడని తెలస్తాది."

ఆ మాట విన్నాక కూడా నాకు బుద్ధి రాలేదు. ఆ ఆదివారం మళ్లీ అదే రాత రాసి బస్సెక్కాను. పుంగనూరు దాటగానే వాగు రోడ్డు మీదికి వచ్చింది. బస్సు వెనక్కి తిరిగింది. దారంతా మునెయ్య వీపే కళ్ల ముందు. ఏడున్నరకు తడిసి ముద్దయి మెట్లెక్కాను.

సిద్దమ్మ ముఖం తేటగా ఉంది.

"నువ్వెప్పుడు లోపలికి పోతివో సూడలేదు గానీ, ఈ పొద్దు శానాసేపు తడితివి గదమ్మా. ఆకర్లో బిడ్డను నిద్రబుచ్చినట్ట మెల్లింగా రెండు తట్లు."

తలుపు తోసుకుని వెళ్లాను.

లోపల నర్సు సుశీలమ్మ ఒకటో మంచం దగ్గర ఉంది. మూడో మంచం చుట్టూ తెర వేసి ఉంది. ఎవరు వేశారని అడిగాను, గుసగుసగా.

"నువ్వే గదా. తట్లు ఆగినాక నేనొచ్చి కళ్లె లాగితి. సీసా నిండిపొయ్యె."

తెర తీశాను...

మునెయ్య ఎడమవైపుకు తిరిగి ఉన్నాడు. సాయంత్రం నేను వెల్లకిలా పడుకోబెట్టి వెళ్లిన మనిషి. వీపు మీద ఎర్రటి మచ్చలు. ఆ మచ్చల మీద అరచేయి ఆనించి చూశాను. చల్లగా ఉంది. ఆ ఒక్క చోటే.

మునెయ్య బతికాడు. మూడు వారాలకు సిద్దమ్మ భుజం పట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఆ తర్వాత నేను ఒక్క పూట కూడా తప్పలేదు.

ఇప్పుడు 2009. అమ్మ పోయింది. కుప్పంలో ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటున్నాను. నాకు జ్వరం లేదు, దగ్గు లేదు. అయినా నిన్న సాయంత్రం ఆరింటికి కాసేపు పక్కకు ఒరిగితే, వీపు మీద చల్లగా పడింది దొప్పలా వంచిన అరచేయి. లేచి కూర్చున్నా ఆగలేదు. టప్ టప్ టప్... తెల్లారింది. ఇంకా తడుతూనే ఉంది.

ఆ చివరి రెండు మెత్తటి తట్ల కోసం ఎదురుచూస్తున్నాను.