నలభై రెండు వరుసల మెనూ

తిరుత్తణిలో కంప్యూటరును మొట్టమొదట మచ్చిక చేసినవాణ్ణి నేనే. నా స్నేహితుడు వేలాయుధం లుంగీల కొట్లో ఉన్న ఆ పెట్టె ఇప్పటికీ నన్ను చూస్తే నోరెత్తదు.

వేలాయుధం భార్య సుందరవల్లి పోయి రెండేళ్లు. కూతురు నివేద కాపురం మణవాళనగర్‌లో. చిన్న కొట్లకు లెక్కల సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. తండ్రి కొట్లో ఉన్నదీ అదే. రోజూ తొమ్మిదిన్నరకు ఊదొత్తి వెలిగించగానే వేలాయుధం ఫోన్ చేసేవాడు.

"బిల్లు యాడుందిమ్మా?"

"ఎడమ పక్క మూడోది నాయనా. దాని కింద అయిదోది. కనబడిందా?"

"లేదే..."

వెతుకులాట పది నిమిషాలు సాగేది. మధ్యలో బస్సు హారను, ఆఫీసు లిఫ్టు చప్పుడు, కూతురి విసుగు, అన్నీ చెవినొగ్గి వినేవాడు.

నివేద ఆఫీసులో మూడు నెలలు పోట్లాడి, నలభై రెండు వరుసల మెనూను అయిదుకు దించింది. తెరవగానే పెద్ద అక్షరాలతో 'బిల్లు'. ఆనాటి నుంచి తండ్రి ఫోన్ రాలేదు. మొదటి వారం ఆమెకు గర్వం. మూడో వారానికి దిగులు. ఇక్కడ వేలాయుధం తొమ్మిదిన్నరకు ఫోను తీసి, చూసి, గల్లాపెట్టె మీద బోర్లించేవాడు.

ఒక పొద్దున లీవు పెట్టి, రైలెక్కి నేరుగా కొట్టుకే వచ్చింది. గల్లాపెట్టె మీద నోటుబుక్కు తెరిచి ఉంది. పాత మెనూలోని నలభై రెండు వరుసలూ, ఏది దేని కిందుందో, తండ్రి చేతిరాతలో. పైన తేదీ, రెండేళ్ల కిందటిది.

"అంతా తెలిసే అడిగినావా? మీటింగులు వదిలేసి చెప్పినానే నాయనా!"

"బాగుండావా అంటే 'ఆ' అని పెట్టేస్తావు. బిల్లు కనబడలేదంటేనే గదా పది నిమిషాలు ఉంటావు."

"ఆ మాట నాతో చెప్పుండొచ్చు గదా!"

"ఏమని చెప్పేది, పనిలో ఉండే బిడ్డకు?" వేలాయుధం మౌసు మీద లేని దుమ్ము తుడిచాడు. "నువ్వు చేసింది బాగుండాదమ్మా. ఎవురికైనా వచ్చేస్తుంది. నాకే అడిగేదానికి ఏమీ మిగల్లేదు. 'సహాయం' అని ఉంటే ఒకసారి నొక్కినా, మీ కంపెనీకి ఫోను పోయింది. ఎవురో మోనిషా అంట, 'సొల్లుంగ సార్' అని ఏం కావాల్నో అడిగింది. మంచి పిల్ల."

నివేద గిరుక్కున నా వైపు తిరిగింది. "మామా, రోజూ ఈడే ఉంటావే, నువ్వన్నా చెప్పకూడదా? కంప్యూటరంతా తెలుసునంటావు!"

నాకేం తెలుసు? నేను మచ్చిక చేసింది దాని మీద కప్పే గుడ్డను. పొద్దున తీస్తాను, సాయంత్రం కప్పుతాను. మీట ముట్టాలంటే నాకే వణుకు. ఆ సంగతి ఒప్పుకుంటే నివేద నవ్వబోయి ఏడ్చేసింది. వెళ్తూ నోటుబుక్కును సంచిలో పెట్టుకుంది.

మర్నాడు తొమ్మిదిన్నరకు కొట్లో ఫోను మోగింది.

"నాయనా, కొత్త లుంగీకి గంజి ఎట్లా వదిలించేది?"

లుంగీల మూటల మధ్య పాకిన పిల్ల అడిగే ప్రశ్నా అది! వేలాయుధం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మొదట చన్నీళ్లలో వెయ్యాల. ఏమి రంగు అది?" బేరానికి వచ్చినవాళ్లను నేనే కూర్చోబెట్టాను.

ఇందులో నేను కల్పించింది ఒకటుంది. వేలాయుధం నోట 'ఒకసారి' అనిపించింది నేనే, స్నేహితుడి పరువు కోసం. కూతురికి ఫోన్ చెయ్యని ఆ ఇరవై రోజులూ అతను 'సహాయం' రోజూ నొక్కాడు.