మూడో పిలుపు

సైతామా పట్నం శివార్లలో ఆ ఇల్లు చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ చిజురుకి ముచ్చటలంటేనే మంట. వెనక ఒకసారి ముచ్చటపడి ఇల్లు కొంటే, రెండేళ్ళకే నేల ఒరిగిపోయి, బల్లమీద పెట్టిన పెన్సిల్ తనంతట తనే దొర్లిపోయేది. అమ్మినవాడు నవ్వుతూ తప్పుకున్నాడు. బడి వంటశాలలో ఇరవయ్యేళ్ళు గరిటె తిప్పి మళ్ళీ కూడబెట్టింది. ఈసారి మోసపోతే మళ్ళీ మొదలుపెట్టే వయసు లేదు. అందుకే పునాది పరీక్ష కాకుండా సంతకం పెట్టనంది.

"నా మీద నమ్మకం లేదా అక్కా?" అన్నాడు ఇంటి యజమాని నిత్తా.

"ఇంటినే నమ్మను. నిన్నెందుకు నమ్ముతాను?"

మధ్యాహ్నం మూడింటికి పునాది పరీక్షించే ముసలాయన కువబారా వచ్చాడు. ముగ్గురూ గుమ్మంలో బూట్లు విడిచి, అక్కడి మర్యాద ప్రకారం మొనలు వీధివైపు తిప్పి పెట్టి లోపలికి వెళ్ళారు. వంటగది నేలలో ఒక చదరపు మూత. ఇంటి అడుక్కి దారి అదొక్కటే. కువబారా దాన్ని ఎత్తబోయి ఆగాడు. మూతమీద నాలుగు గుంటలు.

"ఫ్రిజ్ కాళ్ళ గుర్తులివి. దారిమీద ఎవరైనా ఫ్రిజ్ పెడతారా నాయనా?"

"మా అమ్మ పనే. మతి చలించింది. ఐదేళ్ళ కిందట మంచులో, కాళ్ళకి ఏమీ లేకుండా ఎటో వెళ్ళిపోయింది."

కువబారా లైటు పట్టుకుని దిగాడు. తడిమట్టి వాసన గుప్పుమంది. ఆయన మోచేతులు ఈడ్చుకుంటున్న చప్పుడు నేలకింద గది గదికీ జరిగింది. చాలాసేపటికి పైకొచ్చాడు.

"పునాది బాగుంది," అన్నాడు. గొంతే బాగాలేదు. "మూత లోపలివైపు గీతలున్నాయి. గోళ్ళ గీతలు."

"ఎలుకలు!" అన్నాడు నిత్తా.

"ఎలుక గోరు ఇంత వెడల్పుండదు."

నేలకింద దూరేవాళ్ళకి ఒక ఆచారం ఉంది. మూత వేసేముందు మూడుసార్లు పిలవాలి. ఎప్పుడో తోటి పనివాణ్ణి లోపల మరిచి మూసేశారట, అప్పట్నుంచీ. కువబారా చీకట్లోకి వంగాడు.

"ఇంకెవరైనా ఉన్నారా?"

నిశ్శబ్దం.

"ఇంకెవరైనా ఉన్నారా?"

కింద ఎక్కడో మట్టి జారింది...

నిత్తా కాలితో మూత తన్ని మూసి, దానిమీద ఎక్కి నిలబడ్డాడు. "చాల్లెండి చాదస్తం! సంతకం పెట్టండి."

చిజురుకి అరికాలి మంట నెత్తికెక్కింది. "దిగు."

"దిగను."

ఆమె మోకాళ్ళమీద కూర్చుని, అతని పాదాల పక్కనే నేలకు నోరు ఆనించి అరిచింది. "ఇంకెవరైనా ఉన్నారా?"

టక్.

టక్... టక్.

అతని కాళ్ళ కిందే.

నిత్తా మొహం పాలిపోయింది. పెదాలు మాత్రం కదిలాయి. "అమ్మా... కాసేపు ఊరుకో..."

ఆ గుసగుస చిజురు విన్నది.

"నువ్వే మూశావు! తల్లిమీద ఫ్రిజ్ పెట్టి, ఆ ఇల్లు నాకు అంటగడతావా?" కాగితాలు చింపి అతని మొహాన కొట్టింది. అతన్ని పక్కకి తోసింది. కువబారా మూత ఎత్తి లైటు వేశాడు.

ఎవరూ లేరు.

కానీ మూత అంచునుంచి గుమ్మందాకా నేలమీద తడిమట్టి అడుగులు. చిన్నవి. ఉత్త పాదాలవి. బయటికి వెళ్ళినవే... వచ్చినవి లేవు. ఇంతసేపూ ఆ మూతమీద నిత్తా నిలబడే ఉన్నాడు.

వాటిని చూడగానే నిత్తా పరుగెత్తాడు. బూట్ల మడమలు తొక్కుకుంటూ కారెక్కి వీధి మలుపు తిరిగిపోయాడు.

కువబారా పోలీసులకి ఫోన్ కలిపాడు. చిజురు గుమ్మంలోకొచ్చింది. ముసలాయన బూట్లున్నాయి. ఆమెవి లేవు.

మేజోళ్ళతోనే బయటికి నడిచింది. ఇందాక నిత్తా కారు ఆగి ఉన్నచోట, వెనక తలుపు ఉండే వైపు, ఆమె బూట్లు కనబడ్డాయి. జతగా, మొనలు వీధివైపు తిప్పి, ఎవరో కారు లోపలికి వెళ్ళేముందు మర్యాదగా విడిచినట్టు.

వంగి చెయ్యి పెట్టింది. లోపల తడిమట్టి... ఇంకా వెచ్చగానే ఉంది.