మూడో వరుస రెండుసార్లు

గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన యెషయా మాస్టారి మీద మేబెల్‌కు మొట్టమొదట కోపం వచ్చింది చర్చిలోనే. అదీ కీర్తన మధ్యలో. కోపం పాపమని ఆదివారపు బడిలో పిల్లలకు నూరిపోసేది ఆమే మరి!

"ఆగండి, ఆగండి!" అంటూ అతను హార్మోనియం మీంచి చెయ్యెత్తాడు. "మూడో వరుస ఒక్కసారే కదండీ? అందరూ రెండుసార్లు పాడేస్తున్నారేంటి?"

బయట జూన్ నెల తొలివాన సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్ రేకుల మీద దరువేస్తోంది. శనివారం సాయంత్రం పాటల సాధనకు వచ్చినవాళ్లంతా మేబెల్ వైపు చూశారు.

"మేం గిట్లనే పాడతం సార్," అంది మేబెల్.

"పుస్తకంలో ఒక్కసారే ఉందండి."

"పుస్తకం మీ దిక్కు అచ్చేసి ఉంటరు. చర్చి మాది."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. యెషయా కూడా నవ్వాడు. అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. "ఎవరో తాళం రాని మహానుభావుడు నేర్పి ఉంటాడు లెండి. రేపు సరిచేసేద్దాం," అన్నాడు.

వాన తగ్గలేదు. గొడుగు బల్ల పక్కనే ఉంది. అయినా మేబెల్ చెప్పులు తొడుక్కుని అలాగే బయటికి నడిచేసింది.

ఆ మహానుభావుడు ఆమె అన్న నోవహు. రైల్వేలో గుమాస్తా. చర్చిలో మొదటిసారి హార్మోనియం వాయించిన ఆదివారం, సరిగ్గా ఈ కీర్తన దగ్గరే గాలికి పేజీ తిరిగిపోయింది. ఏం చెయ్యాలో తోచక మూడో వరుసే మళ్లీ వాయించాడు. జనం కూడా బుద్ధిగా మళ్లీ అదే పాడారు. పై ఆదివారం అలవాటు కొద్దీ పాడారు. ఇక అంతే, ఆ చర్చిలో ఆ కీర్తనకు అదే ఖాయమైపోయింది.

పోయిన ఏడాది ఎండాకాలంలో, రాజ్యమంతా రజాకార్ల గొడవలతో అట్టుడుకుతున్నప్పుడు, నోవహు డ్యూటీ మీద బండెక్కాడు. సాగనంపడానికి మేబెల్ స్టేషన్‌కు వెళ్లింది. దారిలో ఎక్కడో బండి ఆపారు, కాల్పులు జరిగాయి. నోవహు ప్రాణం తీసింది ఎవరి తూటానో ఇప్పటికీ తెలియదు. సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ వచ్చింది, నిజాం రాజ్యం పోయింది, బజార్లో జెండాలు మారాయి. మేబెల్‌కు మాత్రం కళ్లు మూసుకుంటే ఒక్కటే కనిపిస్తుంది: చారల చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని, బండెక్కుతున్న అన్న వీపు.

అన్న ఈ లోకంలో మిగిల్చి వెళ్లింది ఆ తప్పు వరుస ఒక్కటే. దాన్ని కూడా సరిచేస్తాడట!

మర్నాడు సాయంత్రం యెషయా ఆమె గొడుగు సైకిల్‌కు కట్టుకుని ఇంటికొచ్చాడు. ఎవరు చెప్పారో గానీ సంగతంతా తెలిసిపోయింది. గడపలోనే నిలబడి, "తప్పయిపోయిందండీ, నోరు జారాను. ఆ కీర్తన జోలికి ఇక పోను," అన్నాడు.

తల్లి రోసమ్మ లోపలికి పిలిచి చాయ్ ఇచ్చింది. "కాఫీ లేదు నాయనా. మా ఇంట్ల చాయే."

"పర్లేదండీ," అని ఒక గుక్క తాగి, ఆ చిక్కటి చాయ్‌కి మొహం ఎలా పెట్టాలో తెలియక తంటాలు పడ్డాడు. తలుపు చాటున మేబెల్‌కు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు మళ్లీ తన మీద తనకే కోపమొచ్చింది.

ఇద్దరిదీ ఒకటే మిషన్ బడి. ఆమె ఒకటో తరగతి, అతను అయిదో తరగతి. మధ్యలో వరండా. సుద్దముక్కలు అయిపోయాయని అతను రోజూ ఒకటో తరగతికే ఎందుకు వస్తాడో పిల్లలకు కూడా అర్థమైంది. సాయంత్రాలు సైకిల్ నడిపించుకుంటూ సందు మలుపు దాకా తోడొచ్చేవాడు. అక్కడ బెల్ కొట్టి వెళ్లిపోయేవాడు. ఆ చప్పుడు మేబెల్‌కు అలవాటైపోయింది.

ఆగస్టులో ఒక సాయంత్రం వానకు ఇద్దరూ వరండాలో చిక్కుకున్నారు.

"ఒక్క మాట అడగనా?" అన్నాడు యెషయా. "ఇంట్లో ఏ కూర చేస్తే మీ అన్నయ్య అలిగేవారండీ?"

మేబెల్ గతుక్కుమంది. ఇన్నాళ్లూ పలకరించినవాళ్లంతా అన్న ఎలా పోయాడనే అడిగారు. ఎక్కడ తగిలింది, ఆఖరుకు ఏమన్నాడు. కూర సంగతి ఎవరూ అడగలేదు.

చెప్పబోయి నోరు తెరిచింది. చారల చొక్కా గుర్తుంది. టిఫిన్ డబ్బా గుర్తుంది. పుట్టినప్పటి నుంచీ పక్కన కూర్చుని తిన్న మనిషి ఏం తిననని అలిగేవాడో గుర్తు రాలేదు. అన్నను రెండోసారి పోగొట్టుకున్నట్టయింది.

"మీకెందుకు సార్ గవన్నీ?" మేబెల్ మొహం తిప్పుకుంది. "మా అన్న గురించి ఇంకోసారి అడగకుండ్రి. నాతోని మాట్లాడకుండ్రి సుత!"

"సరేనండీ," అన్నాడతను. మర్నాటి నుంచి నిజంగానే మానేశాడు. మంచివాళ్లతో ఇదే తక్లీఫ్, చెప్పిన మాట వింటారు.

దసరా సెలవులకు యెషయా గుంటూరు వెళ్లాడు. ఇంట్లో సంబంధం చూస్తున్నారని, ఇక తిరిగి రాడని బడిలో అనుకున్నారు. మేబెల్ అన్నం ముందు కూర్చుంటే సందులో ఏ సైకిల్ బెల్ మోగినా చెయ్యి ఆగిపోయేది. పాలవాడిది. పోస్టుమేన్‌ది. ఛీ, ఎవడిదైతే నాకేం అనుకునేది. అనుకుని మళ్లీ చెవి అటే పెట్టేది.

"ఏందే, దర్వాజ కాడనే నిలబడుతున్నవ్? ఎవరి కోసం?" అంది పక్కింటి జుబేదా. వాళ్ల గుమ్మంలో ఆమె కుట్టుమిషన్ పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటుంది.

"ఎవరి కోసం లేదు."

"గా ఎవరు కానోడే గుంటూరు పొయ్యిండు గద!"

అంతే, మేబెల్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. కూర సంగతి, యెషయాతో తను అన్న మాట, అన్నీ చెప్పేసింది. జుబేదా మిషన్ ఆపింది. ఆమె అన్న నాసర్ కూడా పోయిన ఏడాది సెప్టెంబరులో, పోలీస్ యాక్షన్ రోజుల్లో, అత్తగారి ఊరికి వెళ్లి మళ్లీ రాలేదు.

"నాకు సుత గట్లనే ఉండె," అంది నెమ్మదిగా. "నాసర్ భాయి అంటే గా సెప్టెంబరే యాదికొచ్చేది. అప్పుడు మా అమ్మీ అన్నది, వాడు సచ్చింది ఒక్క దినమే బిడ్డా, బతికిన దినాలు ఎన్నున్నయి, అవన్ని ఎవరికి ఇడిచిపెడుతున్నవ్ అని."

తర్వాత జుబేదా కళ్లు తుడుచుకుని నవ్వింది. "అయినా గది తెల్వదా నీకు? మీ ఇంట్ల సొరకాయ వండిన దినమల్లా మీ అన్న కంచం పట్టుకొని మా ఇంటికే వచ్చేటోడు!"

మేబెల్ కళ్ల ముందు పెరటి తలుపు తెరుచుకుంది. కంచం వెనక దాచుకుని, చెవులు ఎర్రగా చేసుకుని, "అమ్మకు చెప్పకే!" అంటున్న అన్న. వీపు కాదు, మొహం! ఏడుస్తూనే పకపకా నవ్వింది. దాని వెనకే మిగతావీ వచ్చేశాయి. శ్రుతి లేని ఈలలు. పేజీ తిరిగిన ఆదివారం హార్మోనియం మీంచి తనవైపు చూసి నాలుక కరుచుకోవడం. ఇక ఆ వరుసకు కాపలా కాయక్కర్లేదు అనిపించింది. అన్న అందులో ఒక్కదాంట్లోనే లేడు.

సెలవుల తర్వాతి ఆదివారం చర్చిలోకి అడుగుపెట్టేసరికి హార్మోనియం ముందు యెషయా! అతను తలెత్తలేదు. చూస్తే, పాడబోయేది ఆ కీర్తనే.

ఒక్కసారే పాడతాను, అనుకుంది మేబెల్. ఆయన మాటే నెగ్గనీ.

మూడో వరుస అయింది. మేబెల్ గొంతెత్తి నాలుగోది అందుకుంది. హార్మోనియం మాత్రం మళ్లీ మూడోదానికే వెళ్లింది. సగం మంది మాస్టారి వెంట, సగం మంది ఆమె వెంట! పాస్టరు గారు రెండు వైపులా చూసి నోరు మూసుకున్నారు. హార్మోనియం ఆగింది. యెషయా వెనక్కి తిరిగాడు, చెవులు ఎర్రగా.

మేబెల్ చర్చిలో ఉన్నానని కూడా మరచి నవ్వేసింది. అప్పుడు ముందు బల్ల మీంచి, కొడుకు పోయాక ఒక్క పాటా పాడని రోసమ్మ, వణికే గొంతుతో మూడో వరుస ఎత్తుకుంది. చర్చి మొత్తం ఆమెతో కలిసింది. ఆ రోజు మూడో వరుస మూడుసార్లయింది.

బయట సన్నగా వాన. చూరు కింద అతను ముందే నిలబడి ఉన్నాడు.

"మీ కోసమని రెండుసార్లు వాయించానండీ. మీరేమో..."

"మీ కోసమనే ఒక్కసారి పాడిన సార్."

మేబెల్ చూరు నీళ్లకు తడవకుండా కాస్త ఇటు జరిగింది.

"గుంటూర్ల సంబంధం కుదిరిందా?" అంది మేబెల్ నేల చూస్తూ.

"లేదండీ. సికింద్రాబాద్‌లో ఒకావిడ నాతో మాట్లాడొద్దన్నారు, ఆ మాట వెనక్కి తీసుకునేదాకా ఎవర్నీ చూడనని మా అమ్మకు చెప్పేశాను."

"తీసుకున్న," అంది. ఇక ఆగలేకపోయింది. "ఇన్ని దినాలు మీ సైకిల్ బెల్ ఇనబడక పానం పోయినట్టయింది నాకు."

మేబెల్ తలెత్తి అంది, "సొరకాయ."

"ఏంటండీ?"

"మా అన్న. సొరకాయ కూర చేస్తే అలిగేటోడు. మీరు అడిగిండ్రు గద. ఇంక చాన ఉన్నయి, చెప్పుకుంట పోతే ఎన్నేండ్లు పడతదో."

"ఎన్నేళ్లయినా వింటానండీ," అన్నాడు యెషయా. కళ్లు తడిగా ఉన్నాయి.

ఇంతలో రోసమ్మ గొడుగేసుకుని వచ్చింది. ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తల్లికి తెలియంది ఏముంటుంది!

"మాస్టారూ, ఇయ్యాల మా ఇంట్లనే బువ్వ తినాలె. సొరకాయ కూర చేసిన. తింటవా నాయనా?"

యెషయా మేబెల్ వైపు బిక్కమొహం వేసుకుని చూశాడు. "అది తప్ప ఏదైనా తింటానమ్మా."

రోసమ్మ చేతిలో గొడుగు పక్కకు వాలింది. తర్వాత కొంగుతో కళ్లొత్తుకుని నవ్వింది.

"ఇగ అయిపాయె! మా ఇంట్ల మళ్ల సొరకాయ బంద్."