నల్లజీడి చుక్క

1983 మే నెల. నర్సీపట్నం ఆఫీసర్స్ క్లబ్. పొద్దున్న ఆరున్నర.

కిటికీ గడియ ఊడింది. అద్దాల బీరువా పగిలింది. వెండి కప్పు లేదు. గాజుపెంకుల మధ్య ఒక టెన్నిస్ రాకెట్ పడి ఉంది. అదెవరిదో కాదు, సాక్షాత్తూ ఎస్సై మంగరాజుదే!

మంగరాజుకి కాలు నిలవడం లేదు. సాయంత్రమే ఫైనల్. కప్పు ఇవ్వడానికి కలెక్టరు గారొస్తున్నారు. పైగా రాత్రి నుంచి కుడిచేతి వేళ్ళు ఒకటే దురద.

ఆ దురద లెక్చరర్ దక్షిణామూర్తి చలవే. నెల్లాళ్ళుగా ఎస్సైకి టాప్‌స్పిన్ నేర్పుతున్నాడు. "అరచెయ్యి పిడి కిందికి రావాలండీ, అప్పుడే బంతి దొర్లుతుంది" అని చెప్పి చెప్పి విసిగిపోయాడు. నిన్న సాయంత్రం పుల్లతో పిడి అడుగున చుక్క పెట్టాడు, అరచెయ్యి ఆనించమని. దేంతో? చాకళ్ళు బట్టలకి గుర్తులు పెట్టే నల్లజీడితో! అది తగిలితే ఒళ్ళు పొక్కుతుందని ఆ మహానుభావుడికి తట్టలేదు. అయినా లాఠీ పట్టిన చెయ్యి మాట వింటుందా? రాకెట్‌నీ కర్రలాగే పట్టింది.

మంగరాజుకి వాచ్‌మన్ తాతబ్బాయి వేళ్ళ మీద నల్లమచ్చ కనిపించింది.

"రాకెట్ ఎందుకు ముట్టుకున్నావ్?"

"రోజూ లోపలెట్టీది నానే కదండి బాబూ!"

"రాత్రి ఎక్కడున్నావ్?"

"నాది పగటి కాపలాయే కదండి, ఇంటికాడే. మా అప్పలకొండమ్మనడగండి."

"పెళ్ళాం కాదంటుందా?" అన్నాడు ప్లీడరు సూర్యనారాయణమూర్తి, ఎడమచేత్తో టీగ్లాసు అందుకుంటూ. రెండేళ్ళుగా కప్పు ఆయనదే. ఇవాళ పోటీ దక్షిణామూర్తితో. టాప్‌స్పిన్ అంటే ఆయనకి వెటకారం. "అదీ ఒక ఆటేనా? అట్లకాడ తిప్పడం!" అంటుంటాడు.

తాతబ్బాయిని జీపెక్కించారు. కబురు తెలిసి పరుగెత్తుకొచ్చిన అప్పలకొండమ్మ అడ్డంపడింది. "టేసనుకెల్లినోడికి మరెవులు కొలువిత్తారు బాబూ? మా పిల్లలేటయిపోతారు?"

మంగరాజు మొహం తిప్పుకుని వేళ్ళు గోక్కున్నాడు. ఆగాడు. తన వేళ్ళు చూసుకున్నాడు. తాతబ్బాయి వేళ్ళు చూశాడు. మచ్చలు ఒక్కచోటే! మచ్చే రుజువైతే తనూ దొంగే.

"నా తెలివి తెల్లారినట్టే ఉంది!" అంటూ గబగబా దక్షిణామూర్తీ, ప్లీడరూ, మిగతా మెంబర్లూ ఉన్న హాల్లోకి నడిచాడు.

"అందరూ కుడి అరచేతులు చాపండి."

దక్షిణామూర్తి చాపాడు. మచ్చ లేదు. ప్లీడరు పిడికిలి విప్పలేదు.

"టీ ఎడమచేత్తో తాగారేం సార్?"

"చిన్న దెబ్బ..."

మంగరాజే ఆ పిడికిలి విప్పాడు. అరచేతిలో, చూపుడువేలి మొదట్లో నల్లటి బొబ్బ.

"కర్రలా పడితే చుక్క వేళ్ళకి తగుల్తుంది. నాకూ, తాతబ్బాయికీ అంతే. అరచేతికి తగిలిందంటే టాప్‌స్పిన్ పట్టు వచ్చినవాడే. బీరువా పగలగొట్టేటప్పుడూ మీ చెయ్యి అలవాటు మానలేదు."

ప్లీడరు కుర్చీలో కూలబడ్డాడు. "ఆర్నెల్లుగా పెరటిగోడకి కొట్టి దొంగచాటుగా నేర్చుకున్నానయ్యా. అయినా ఈ దక్షిణామూర్తిని గెలవలేను. ఊరందరి ముందూ కప్పు వదులుకోవడానికి ప్రాణం ఒప్పలేదు. గొలుగొండలో మా చెరకుతోటలో దాచాను."

మంగరాజు సిగ్గుపడుతూ తాతబ్బాయిని జీపులోంచి చెయ్యి పట్టుకుని దించాడు. రాకెట్ చూపిస్తూ పట్టు సంగతంతా చెప్పాడు.

తాతబ్బాయి రాకెట్ వంక, తన వేళ్ళ వంక చూసుకున్నాడు.

"ఆ పట్టేదో నాకు రానందుకే బతికిపోనాను బాబూ."